ఇందూరు ఆకాశంలో రెండు దారులు

పటం మీద హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు ఒక గీత గీస్తే అది మెట్‌పల్లి పక్కనుంచి పోతుంది. శంషాబాద్ నుంచి నాందేడ్‌కు ఇంకో గీత గీస్తే నిజాంసాగర్ జలాశయం దాదాపు దాని కిందికే వస్తుంది. ఈ రెండు గీతల నడుమ ఉన్నవే ఇందూరు అని పిలుచుకునే నిజామాబాద్ పట్టణం, బోధన్, వాటి చుట్టూ ఒకప్పుడు చెరకుతో నిండిన పల్లెలు. మొదటి దారిలో 1946 తర్వాత డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు తిరిగాయి. రెండో దారిలో 2017 తర్వాత ట్రూజెట్ ఏటీఆర్‌లు తిరిగాయి. రెండూ హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీలే. రెండూ ఇప్పుడు లేవు. ఆ రెండింటి పట్టికలోనూ ఇందూరు పేరు ఎక్కలేదు.

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం రావాలన్న మాట ప్రభుత్వాలు మారినా జిల్లాలో వినిపిస్తూనే ఉంది. భూమి ఎన్ని ఎకరాలు కావాలి, రన్‌వే ఎంత పొడవుండాలి, కేంద్రం ఎప్పుడు ఒప్పుకుంటుంది అన్నదే ఎప్పుడూ చర్చ. ఆ రన్‌వే మీద దిగే విమానం ఎవరిది, మూడేళ్లు గడిచాక కూడా దిగుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు అడగాల్సింది ఇదే. ఆ మాట తేలాలంటే ఆ రెండు కంపెనీలు ఎట్లా బతికాయో, ఎట్లా పోయాయో చూడాలి. అందులో పాతదానికి బోధన్ చక్కెర మిల్లుతో చుట్టరికం కూడా ఉంది.

నీళ్లు, చెరకు, రైలు, బస్సు, విమానం

మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ కింద రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది అప్పటి లెక్క. నీళ్లు వచ్చాయన్న కబురు అందాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో తరలివచ్చారు. వర్ని, కోటగిరి వైపు ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ కనిపించే ‘క్యాంప్’ అప్పటి వలసల గుర్తే. నీళ్లకు తగ్గ పంట చెరకు, చెరకుకు తగ్గ మిల్లు కావాలి. అట్లా 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర మిల్లుగా దానికి పేరు. సొంత చెరకు పొలాలు, పొలం నుంచి మిల్లుకు గడలు మోసే సొంత చిన్న రైలు పట్టాలు, క్వార్టర్లు, ఆస్పత్రి, బడి అన్నీ దాని నీడనే ఉండేవి. తయారైన చక్కెర జానకంపేట జంక్షన్ మీదుగా హైదరాబాద్ వైపో మన్మాడ్ వైపో పోయేది.

ఆ రైలు నడిపింది నిజాం స్టేట్ రైల్వే. దాన్ని రైలు సంస్థగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది ఈ రైల్వేనే. ఇప్పటి ఆర్టీసీలకు మూలం అదే. రైలు దిగినవాడికి బస్సు, బస్సు చేరని దూరాలకు విమానం అన్న ఆలోచన ఆ సంస్థలో తొందరగానే పాదుకుంది. బేగంపేటలో ఏరో క్లబ్, విమానాశ్రయం 1930ల నాటివే. కొత్త టెర్మినల్ భవనానికి నిజాం పెద్ద కోడలు దుర్రుషెహ్వార్ శంకుస్థాపన చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్ ఏర్పడింది. పెద్ద వాటా నిజాం ప్రభుత్వానిది, భాగస్వామి టాటా ఎయిర్‌లైన్స్. 1946 జులై 1న సర్వీసులు మొదలయ్యాయి.

విమానం ఖర్చు ఎవరు భరించారన్నది ఇక్కడ ముఖ్యం. విమానయానం అప్పటికీ ఇప్పటికీ సన్నటి లాభం మీద నడిచే వ్యాపారం. టికెట్ల మీదే బతకాల్సిన కంపెనీ ఒక చెడ్డ సంవత్సరానికే కూలిపోతుంది. డెక్కన్ ఎయిర్‌వేస్‌కు వెనక ఒక సంస్థానపు ఖజానా ఉంది. ఆ ఖజానాకు రైలు కిరాయిలు వచ్చాయి. ఆ కిరాయిల్లో శక్కర్‌నగర్ చక్కెర బస్తాలవీ ఉన్నాయి. ఏ పైసా ఎటు పోయిందో విడదీసి చెప్పలేం. కానీ బోధన్ రైతు గడ నరికి మిల్లుకు తోలిన ఏర్పాటు, బేగంపేటలో డకోటా పంకాలు తిరిగిన ఏర్పాటు ఒకే యజమానివి.

డకోటా రోజులు

డకోటా అంటే డగ్లస్ డీసీ-3. యుద్ధంలో సైన్యాలకు సామాను మోసిన విమానాలు యుద్ధం కాగానే చవకగా అమ్మకానికి వచ్చాయి. రెండు ఇంజిన్లు, తోక కింద చిన్న చక్రం. నేల మీద నిలబడినప్పుడు ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి ప్రయాణికులు తలుపు దగ్గరి నుంచి సీటు దాకా ఎత్తు ఎక్కుతూ పోవాలి. సీట్లు ఇరవై పైచిలుకు. లోపల గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు లేదు కాబట్టి మరీ ఎత్తుకు పోలేదు. మబ్బుల్లో కుదుపులు తప్పవు. మద్రాసు, బెంగళూరు, బొంబాయి, నాగపూర్, ఢిల్లీ వైపు డెక్కన్ దారులు పోయేవి. మెట్రో నగరాల నడుమ పెద్ద కంపెనీలు పోటీ పడుతుంటే దేశం నడిబొడ్డున ఉన్న హైదరాబాద్‌ను కూడలిగా మార్చుకోవడం డెక్కన్ బలం. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే దారిలో నాగపూర్, హైదరాబాద్ సహజమైన మజిలీలు.

ప్రయాణికుల టికెట్లకు తోడు ఆనాటి కంపెనీలను నిలబెట్టింది తపాలా. 1949 జనవరిలో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి దాటాక నాగపూర్‌లో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు చేరేవి. అదే ఏడు ఏప్రిల్ నుంచి దేశంలోపల ఉత్తరాలకు వేరే రుసుం లేకుండా విమానంలో పంపడం మొదలైంది. తపాలా శాఖ చెల్లించే సొమ్ము సీట్లు నిండినా నిండకపోయినా వచ్చేది. ఒక విమాన కంపెనీకి అంతకు మించిన ఊరట లేదు. ఈ సంగతి జక్రాన్‌పల్లి గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చరిత్రలో నిలవడానికి డబ్బుతో సంబంధం లేని కారణం ఇంకొకటి ఉంది. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. ఉద్యోగం కోసం ఎనిమిది ప్రైవేటు కంపెనీల తలుపు తడితే ఆడమనిషి విమానం నడిపితే ప్రయాణికులు భయపడతారని వెనక్కి పంపారు. ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్ కంపెనీయే. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచారు. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్‌గా ఆమెకు పేరొచ్చింది డెక్కన్ డకోటాల్లోనే. పూర్తి కమాండ్ మాత్రం డెక్కన్ కూడా ఇవ్వలేదు. ఆమె కొంతకాలం ఘనశ్యామ్‌దాస్ బిర్లా విమానం నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపారు. ఒక చిన్న ప్రాంతీయ కంపెనీ పెద్ద కంపెనీలు చేయలేని పని చేయగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ పనిని చివరిదాకా తీసుకుపోలేకపోవడం కూడా అంతే నిజం.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. కంపెనీ నడుస్తూనే ఉంది గాని దాని చుట్టూ ఉన్న ఇల్లు విడిపోవడం మొదలైంది. 1950 ఏప్రిల్‌లో నిజాం స్టేట్ రైల్వే కేంద్రం చేతికి పోయింది. 1951 నవంబరులో బస్సులు రైల్వే నుంచి వేరై హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖ కిందికి వచ్చాయి. విమానం వంతు 1953లో వచ్చింది. యుద్ధం తర్వాత లైసెన్సులు ఇష్టారాజ్యంగా ఇవ్వడంతో దేశంలో అవసరానికి మించిన కంపెనీలు పుట్టాయి. జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ 1950లో ఈ సంగతే చెప్పింది. ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం కింద డెక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. 1953 ఆగస్టు 1 నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ అన్న పేరు లేదు. మూడేళ్లకు కొంచెం పైగా గడిచేసరికి రైలు, బస్సు, విమానం ముగ్గురు యజమానుల పాలయ్యాయి.

జాతీయకరణ తప్పు అని నేను అనను. మునుగుతున్న కంపెనీలను, వాటి ఉద్యోగులను అది కాపాడింది. అయితే ఒక ప్రాంతం పంట, ఫ్యాక్టరీ, రైలు, బస్సు, విమానం ఒకే బల్ల మీద పెట్టి ఆలోచించే చోటు పోయింది. ఆ చోటు మళ్లీ ఎవరూ కట్టలేదు.

మిల్లు పోయాక

శక్కర్‌నగర్ మాత్రం స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా చాలాకాలం నిలబడింది. 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు అమ్మింది. బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు కొత్త కంపెనీ కిందికి పోయాయి. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూడూ మూసేశారు. తర్వాత వ్యవహారం దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి చేరింది. జీతం ఆగిన కార్మికులు క్వార్టర్లలోనే ఏళ్లు గడిపారు. మిల్లు లేని చోట చెరకు వేసేదెవరు? రైతులు వరికి మళ్లారు, కొందరు సోయాకు, మొక్కజొన్నకు మళ్లారు. మళ్లీ తెరుస్తామన్న హామీలు అందరూ ఇచ్చారు.

మిల్లు పెద్ద జీతాలు పోయేనాటికే జిల్లా ఇంకో జీతం మీద ఆధారపడి ఉంది. అది గల్ఫ్ జీతం. భీంగల్, కమ్మర్‌పల్లి, బాల్కొండ, ఆర్మూర్, సిరికొండ మండలాల్లో దుబాయ్ పోని ఇల్లు వెతికితే గాని దొరకదు. ఒకప్పుడు వాళ్లంతా బొంబాయి పోయి విమానం ఎక్కేవాళ్లు. దేవగిరి ఎక్స్‌ప్రెస్, రాత్రి బస్సులు అందుకే నిండేవి. ఇప్పుడు దాదాపు అందరి దారీ శంషాబాద్. ఆర్మూర్ నుంచి హైవే మీద ఒక్క మనిషిని పంపడానికి బండి నిండా ఇంటివాళ్లు బయలుదేరుతారు. తల్లి ‘పైలం బిడ్డా’ అంటూ చెయ్యి వదలదు. అదే దారిలో శవపేటిక తెచ్చే అంబులెన్సూ వెనక్కి వస్తుంది. విమానంతో ఇంత సంబంధమున్న జిల్లాలు రాష్ట్రంలో ఎన్నో లేవు. సొంత విమానం లేని జిల్లా కూడా ఇదే.

ఆ లోటు తీరే దారి 2017లో పక్కనుంచే పోయింది. హైదరాబాద్ కేంద్రంగా టర్బో మేఘా ఎయిర్‌వేస్ ‘ట్రూజెట్’ పేరుతో 2015 జులై 12న తిరుపతికి మొదటి విమానం నడిపింది. సినీనటుడు రామ్‌చరణ్ అందులో భాగస్వామి. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం ప్రారంభమైనప్పుడు హైదరాబాద్–కడప, హైదరాబాద్–నాందేడ్ సర్వీసులు మొదలుపెట్టింది ఈ కంపెనీయే. నాందేడ్ బోధన్‌కు వంద కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ దాని కంటే చాలా దూరం. అయినా బోధన్ వాళ్లకు నాందేడ్ విమానం ఎక్కువగా వార్తగానే మిగిలింది. నాందేడ్ నుంచి ట్రూజెట్ ముంబైకి కూడా పోయేది. నాందేడ్ మన రాష్ట్రంలో లేదు, దాని టైమింగులు మన ఊళ్లలో చెప్పేవాళ్లు లేరు, బస్సు కలపలేదు. నిజాం స్టేట్ రైల్వే ఉంటే ఆ బస్సు పెట్టి ఉండేదని నా నమ్మకం.

ట్రూజెట్ నడిపింది ఏటీఆర్-72. డెబ్బై సీట్లు, పంకాల ఇంజిన్లు. జెట్ కంటే ఇంధనం తక్కువ తాగుతుంది. 1,400 మీటర్ల చుట్టుపక్కల రన్‌వే ఉన్నా దిగగలదు. చిన్న ఊరికి ఇంతకు మించిన విమానం అక్కర్లేదు. ఉడాన్ మొదలైనప్పటి లెక్క ఇది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకే అమ్మాలి. పడే నష్టంలో కొంత ప్రభుత్వం తీరుస్తుంది. పెద్ద దారుల్లో తిరిగే విమానాల మీద వేసే సుంకం నుంచి ఎక్కువ భాగం వస్తుంది, రాష్ట్రం మిగతాది కలుపుతుంది. ఆ చిన్న విమానాశ్రయాల్లో ఇంధనం మీద వ్యాట్ ఒక్క శాతం మించకూడదు. ఆ దారిలో మూడేళ్లు ఇంకొక కంపెనీ రాదు. మూడేళ్లు దాటితే సాయం ఆగుతుంది.

మూడేళ్లు దాటాక ఏం జరుగుతుందో కాగ్ 2023 నివేదిక లెక్కపెట్టింది. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 దారుల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ట్రూజెట్ చేతిలో ఉన్న విమానాలు కొద్ది. కొవిడ్ నెలల్లో అవి నేల మీదే ఉన్నా అద్దెలు ఆగలేదు, పైలట్ల జీతాలు ఆగలేదు. 2022 ఫిబ్రవరిలో సర్వీసులు నిలిచిపోయాయి. వెనక తపాలా సంచి లేదు, రైల్వే ఖజానా లేదు. నాందేడ్‌కు రెండేళ్లపాటు విమానం లేకపోయింది. 2024లో స్టార్ ఎయిర్ వచ్చాకే మళ్లీ దిగింది.

ఇప్పుడు జక్రాన్‌పల్లి. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు విమానం వేయాలనడం తొందరపాటు. నాలుగు వరసల హైవే ఉంది, నాలుగు గంటల్లోపు చేరుతారు. విమానాశ్రయానికి వెళ్లి, తనిఖీలు దాటి, ఎక్కి దిగేసరికి అంతే సమయం పడుతుంది. అటువంటి దారి మీద సాయం ఖర్చు చేస్తే అది మూడేళ్ల తర్వాత మిగలదు. పసుపు ఎగుమతి కోసం విమానం కావాలన్న మాట కూడా వింటుంటాం. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కు వచ్చింది, సంతోషం. కానీ పసుపు కొమ్ములు లారీలో, ఓడలో పోతాయి. విమానం కిరాయి వాటికి గిట్టదు.

ఇందూరుకు పనికొచ్చే దారి ముంబైదే. రైలైనా బస్సైనా ఒక రాత్రి పూర్తిగా, మరికొన్ని గంటలు పడుతుంది. విమానానికి దాదాపు అయిదు వందల యాభై కిలోమీటర్లు. ఏటీఆర్‌కు గంటన్నర చాలు. ఈ జిల్లాకు, పక్క జగిత్యాల, కరీంనగర్‌లకు ముంబైతో తరాల బంధం ఉంది. భివండి మగ్గాల మీద పనిచేసే పద్మశాలి కుటుంబాలు, ముంబై నుంచి గల్ఫ్‌కు తిరిగే కార్మికులు, ఆస్పత్రికి పోయేవాళ్లు ఉన్నారు. నిండే సీట్లు అక్కడున్నాయి. ఆ తర్వాత తిరుపతి, బెంగళూరు, ఢిల్లీ చూడవచ్చు. గల్ఫ్‌కు నేరుగా విమానం కావాలంటే ఎయిర్‌బస్ ఏ320 దిగాలి, రెండు కిలోమీటర్లకు పైగా రన్‌వే, ఇమిగ్రేషన్, కస్టమ్స్ కావాలి. అది రెండో అంకం. దాని కోసం భూమి ఇప్పుడే ఉంచుకోవడం మంచిదే, మొదటి రోజే అంతా కట్టాలనుకుంటే మాత్రం ఇంకో పదేళ్లు శంకుస్థాపన కోసమే చూడాలి.

సాయం ఆగిన నాలుగో ఏడాది విమానాన్ని నిలబెట్టేదెవరో భూమి తీసుకునే ముందే రాసుకోవాలి. తపాలా శాఖ ఒకప్పుడు చేసిన పని ఇప్పుడు రాష్ట్రం చేయవచ్చు. ప్రతి విమానంలో కొన్ని సీట్లు తనే కొని, గల్ఫ్ నుంచి తిరిగివచ్చే కార్మికులకు, వైద్యానికి పోయే రోగులకు ఇవ్వవచ్చు. ఆర్టీసీ బస్సు బోధన్, ఆర్మూర్, కామారెడ్డి, మెట్‌పల్లి నుంచి విమానం వేళకు జక్రాన్‌పల్లి చేరేలా ఒప్పందంలోనే పెట్టవచ్చు. ముంబై నుంచి గల్ఫ్ విమానాలు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున బయలుదేరుతాయి. కాబట్టి ఇందూరు నుంచి విమానం సాయంత్రం లేవాలి. అది తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. రన్‌వే దీపాలు, రాత్రి దిగే ఏర్పాటు మొదటి అంచనాలోనే ఉండాలి.